ఈపాటికి వాడు ఏం చేస్తూ ఉంటాడో: క్యారీ అండర్‌వుడ్ తొలినాటి పాట ‘బిఫోర్ హి చీట్స్’

తెలుగులో ‘ఈపాటికి’ అనే మాట ఒకటుంది. కళ్లెదుట లేని మనిషి గురించి, చూడకుండానే, చూసినంత నమ్మకంగా చెప్పడానికి దాన్ని వాడతాము. ఈపాటికి బస్సు దిగి ఉంటాడు, ఈపాటికి భోజనాలకు కూర్చుని ఉంటారు అంటాము. అమెరికా పల్లెపట్టు పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతంలో పేరున్న గాయని క్యారీ అండర్‌వుడ్ తన మొదటి ఆల్బమ్ ‘సమ్ హార్ట్స్’ (2005)లో పాడిన ‘బిఫోర్ హి చీట్స్’ పాటను నేను ఎన్నిసార్లు విన్నా, అది మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నదని అనిపిస్తుంది. రెండు చరణాల్లో కలిపి ఆమె ఆరుసార్లు ‘ఈపాటికి’ అనే అర్థంలో వాక్యం ఎత్తుకుంటుంది. ఎత్తుకున్న ప్రతి వాక్యమూ ‘చేస్తూ ఉంటాడు’, ‘పాడుతూ ఉంటుంది’ అని ఊహలోనే ముగుస్తుంది. పల్లవి దగ్గరకు వచ్చేసరికి ఆ ‘ఉంటాడు’లన్నీ పోయి, జరిగిపోయిన పనుల లెక్క మొదలవుతుంది. ప్రియుడి మోసమంతా అనుమానంలోనూ, ఈమె చేసిన నష్టమంతా నిశ్చయంలోనూ ఉండటమే ఈ పాట పనితనమని నా అభిప్రాయం.

కథ చాలా చిన్నది. బార్ లోపల ప్రియుడు మరొక అమ్మాయితో ఉన్నాడు. బయట అతడు ముచ్చటపడి హంగులు చేయించుకున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది, బండి పక్కన ఈ కథ చెబుతున్న ఈమె ఉంది. లోపల జరుగుతున్నది ఈమె చూడటం లేదు, చూడటం లేదు కాబట్టే అంత వివరంగా చెప్పగలుగుతున్నది. జుట్టుకు బ్లీచ్ పట్టించుకున్న ఆ అమ్మాయితో ఈపాటికి మెల్లగా అడుగులు వేస్తూ డాన్స్ చేస్తూ ఉంటాడు. ఆమెకు విస్కీ గొంతు దిగదు కాబట్టి పళ్లరసం కలిపిన తియ్యటి మందు ఏదో కొనిపెడుతూ ఉంటాడు. పూల్ బల్ల దగ్గర ఆమె వెనక నిలబడి, కర్ర పట్టించి, ఒక బంతితో ఇంకొక బంతిని గుంటలోకి కొట్టడం నేర్పిస్తూ ఉంటాడు. రెండో చరణంలో ఆ అమ్మాయి, రికార్డు చేసిన వాద్యానికి ఎవరైనా గొంతు కలిపే కరియోకీ మైకు అందుకొని కంట్రీ గాయని షనాయా ట్వెయిన్ పాటను పాడు చేస్తూ ఉంటుంది, తనకు మందు ఎక్కిందని చెబుతూ ఉంటుంది, ఇతడు ఈ రాత్రికి తన పంట పండినట్టే అనుకుంటూ ఉంటాడు.

ఆ తర్వాత వచ్చే వివరం నాకు పాట మొత్తంలోనూ ఎక్కువ ఇష్టమైనది. ఈపాటికి అతడు బాత్రూమ్‌లో నిలబడి మూడు డాలర్ల పోలో సెంటు పూసుకుంటూ ఉంటాడని ఆమె అంటుంది. అమెరికాలో కొన్ని బార్లలో మగవాళ్ల బాత్రూమ్ గోడకు నాణేలు వేస్తే సెంటు ఇచ్చే యంత్రం బిగించి ఉండేది, పేరుపడ్డ సెంట్ల నకళ్లు అందులో చవకగా దొరికేవి. అసూయలో ఉన్న మనిషి ఊహ ఎంత దూరం పోతుందంటే, తాను ఎన్నడూ అడుగుపెట్టని మగవాళ్ల బాత్రూమ్‌లోకి పోయి, అక్కడి సెంటు ఖరీదు కూడా లెక్క కట్టుకొని వస్తుంది. ‘నన్ను మోసం చేశావు’ అని పది వరుసలు పాడినా రాని చులకన ఆ మూడు డాలర్లలో వచ్చింది. రచయితలు క్రిస్ టాంప్‌కిన్స్, జాష్ కియర్ ఈ పాటలో మిగతా వరుసలన్నీ మామూలుగా రాసి ఈ ఒక్కటి బాగా రాసి ఉన్నా నేను వాళ్లను మెచ్చుకొని ఉండేవాణ్ని.

చరణానికీ పల్లవికీ మధ్య వాళ్లు వేసిన అతుకు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని తెలుగులోకి తెచ్చుకోబోయి నేను ఒక సాయంత్రమంతా ఓడిపోయాను. చరణం చివరి మాటలకు అర్థం ‘వాడికి తెలియదు’ అని. ఏం తెలియదో చెప్పకుండానే చరణం ఆగుతుంది. ఇంగ్లీషు వాక్యంలో తెలియకపోవడం ముందు వస్తుంది, తెలియని సంగతి తర్వాత వస్తుంది కాబట్టి ఆ సంగతి మొత్తాన్నీ పల్లవి నెత్తిన పెట్టారు. గొంతు ఒక్కసారిగా పైకి లేచే చోటుకు వాక్యంలోని అసలు సరుకు కూడా వచ్చి చేరింది. తెలుగు వాక్యం నడక దీనికి సరిగ్గా తలకిందులు. ‘బండి పక్క పొడవునా తాళంచెవి దించానని, సీట్ల మీద నా పేరు చెక్కానని, దీపాలు పగలగొట్టానని వాడికి తెలియదు’ అంటే పిడుగు ముందే పడిపోయి ఉరుము చివర వస్తుంది. ‘వాడికి తెలియనిది ఏమిటంటే’ అని తిప్పి రాయవచ్చు గాని, అప్పుడు అది పాటగా ఉండదు, పాఠంగా ఉంటుంది. ఇంకొక సంగతి ఏమిటంటే, ఇంగ్లీషు మూలంలో ‘తెలియదు’ అన్న క్రియాపదం బడి వ్యాకరణం ప్రకారం తప్పు. పల్లెటూరి నోటిలో పలికినట్టే దాన్ని ఉంచారు. ‘అతడు’ అని మొదలుపెట్టినవాళ్లు కోపం వచ్చాక ‘వాడు’లోకి దిగినట్టుగా ఆ చిన్న తప్పు వినిపిస్తుంది.

పల్లవిలోని పనులు నాలుగు. బండి పక్క పొడవునా తాళంచెవి దించడం, తోలు సీట్ల మీద తన పేరు చెక్కడం, బేస్‌బాల్ బ్యాటుతో ముందు దీపాలు రెండూ పగలగొట్టడం, నాలుగు టైర్లకూ చిల్లులు కోయడం. బ్యాటు అని ఊరుకోకుండా కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ పట్టణం పేరు మీద తయారవుతున్న ‘లూయీవిల్ స్లగ్గర్’ అని పేరు పెట్టి చెప్పడం వల్ల దెబ్బ బరువు తెలుస్తుంది. అమెరికన్ శ్రోతకు ఆ పేరు వినగానే చిన్ననాటి మైదానం గుర్తుకు వస్తుంది, ఆ మైదానం మీది వస్తువు ఇప్పుడు అర్ధరాత్రి పార్కింగ్‌లో ఉంది.

నా కారుకు ఒకసారి ఇలాంటి గీత పడింది. ఎవరి కోపమో, ఎవరి పొరపాటో నాకు నేటికీ తెలియదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పొద్దున్నే చూసేసరికి ముందు తలుపు పిడి కింద మొదలై వెనక చక్రం దాకా సన్నటి తెల్లని గీత ఉంది. రంగులు వేసే షెడ్డులో పెద్దాయన మాట్లాడకుండా వంగి, గీతకు అడ్డంగా బొటనవేలి గోరు నడిపించాడు. గోరు గీతలో తట్టుకొని ఆగింది. గోరు ఆగితే పాలిష్‌తో పోదని, పైనున్న మెరుగు పూతా దాని కింది రంగూ దాటి ప్రైమర్ దాకా దిగినట్టని, తలుపులు రెండూ మళ్లీ రంగు వేయాల్సిందేనని చెప్పాడు. ఈ పాటలో ఆమె తాళంచెవితో ‘గీశాను’ అనదు, ‘తవ్వాను’ అని అర్థం వచ్చే క్రియ వాడుతుంది. అంతకుముందు పట్టించుకోని ఆ క్రియ ఆ రోజు తర్వాత నాకు సరిగ్గా వినిపించింది. ఆయన గోరు ఆగిన లోతు అది.

సీట్ల మీద పేరు చెక్కాలంటే బండి లోపలికి వెళ్లాలి. ఆమె ఎలా వెళ్లిందో పాట చెప్పదు. నా ఊహ ఏమిటంటే, అతడి బండి తాళం ఒకటి ఆమె దగ్గర మొదటినుంచీ ఉంది, ఆ తాళంతోనే పక్క పొడవునా తవ్వింది. ఇది నా కల్పన కావచ్చు. కాని పేరు చెక్కడం వెనక తెగింపు మాత్రం కల్పన కాదు. దొంగతనంగా పాడుచేసేవాళ్లు ఎవరూ పేరు రాసి పోరు. మన పదాల్లో, అంటే పాత శృంగార గీతాల్లో, చివరి చరణంలో కవి తన ముద్ర వేసినట్టుగా, ఈ పని నాదేనని ఆమె సంతకం చేసింది.

పదాలు గుర్తుకు వచ్చాయి కాబట్టి ఇంకొక మాట. మన అలంకార శాస్త్రంలో ఖండిత నాయిక అని ఒక పాత్ర ఉంది. రాత్రంతా వేరొక స్త్రీ దగ్గర గడిపి తెల్లవారి వచ్చిన నాయకుడి ఒంటి మీద నఖక్షతాలూ దంతక్షతాలూ, అంటే గోటి గాట్లూ పంటి గాట్లూ చూసి, ఎక్కడివయ్యా ఇవి అని ఎత్తిపొడుస్తుంది. అక్కడ సాక్ష్యం నాయకుడి ఒంటి మీద ఉంటుంది, నాయిక చేతిలో మాట తప్ప మరేమీ ఉండదు. ఇక్కడి నాయికకు సాక్ష్యం ఏమీ లేదు, అయినా గుర్తులు మాత్రం మిగిలాయి. అవి బండి ఒంటి మీద ఈమె చేసిన గుర్తులు. ఈ రెండు సంప్రదాయాలకూ ఎటువంటి చుట్టరికమూ లేదు. కాని మోసపోయిన స్త్రీ పాటను గుర్తుల చుట్టూ అల్లడం తెలుగు చెవికి కొత్త కాదు, బహుశా అందుకే మొదటిసారి విన్నప్పుడే ఈ పాట నాకు పరాయిగా తోచలేదు.

కంట్రీ సంగీతంలో మోసం పాటకు పాత వంశమే ఉంది. ఆడవాళ్లు చెడిపోతున్నారని మగవాళ్లు పాడుతున్న రోజుల్లో, 1952లో కిట్టీ వెల్స్ అనే గాయని ఎదురు పాడి, తప్పు పెళ్లయీ పెళ్లికానట్టు తిరిగే మగవాళ్లదని చెప్పింది. బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల జనాదరణ పట్టికలో ఒంటరిగా పాడి మొదటి స్థానానికి చేరిన మొదటి స్త్రీ ఆమె. 1968లో మరో గాయని లొరెట్టా లిన్ తన భర్త జోలికి వచ్చిన స్త్రీని పిడికిలి చూపించి బెదిరించింది. అంటే ఒకప్పుడు నింద మగవాడి మీద, ఇంకొకప్పుడు దెబ్బ రెండో స్త్రీ మీద. టాంప్‌కిన్స్, కియర్‌లు ఇద్దరినీ వదిలేసి మూడోవాడిని, అంటే బండిని పట్టుకున్నారు. అతడికి ప్రాణప్రదమైనది ప్రియురాలు కాదని, ఆ నాలుగు చక్రాలేనని ఆమెకు తెలుసు. అది పైకి చెప్పకుండానే పాట చెబుతుంది.

పాడిన మనిషి సంగతి తెలిస్తే ఈ పాట మీద ఆశ్చర్యం ఇంకొంచెం పెరుగుతుంది. క్యారీ అండర్‌వుడ్ 1983లో పుట్టింది, ఓక్లహోమా రాష్ట్రంలో చెకోటా అనే చిన్న ఊరి దగ్గర పెరిగింది, 2005లో ‘అమెరికన్ ఐడల్’ అనే టీవీ పాటల పోటీ నాలుగో విడతలో గెలిచింది. డల్లస్ నుంచి కాన్సాస్ సిటీ వైపు 69వ నంబరు రహదారి మీద వెళ్లే తెలుగువాళ్లు చాలామంది తమకు తెలియకుండానే ఆ ఊరు దాటి ఉంటారు. 40వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి వచ్చి కలిసే చోటు అది, పెట్రోలు పోయించుకోవడానికి నేనూ అక్కడ ఆగాను. ఆ ఊరి గురించి ఇదే ఆల్బమ్‌లో ఒక పాట ఉంది, దాని రచనలో ఆమె చెయ్యీ ఉంది. ఆమెకు మొదట కంట్రీ శ్రోతల ఆదరణ తెచ్చిపెట్టిన పాటలో ఒక తల్లి క్రిస్మస్ ముందురోజు రాత్రి మంచు రోడ్డు మీద కారు జారిపోతుంటే స్టీరింగు వదిలి ఏసుప్రభువు చేతికి అప్పగిస్తుంది. అదే గొంతు కొద్ది నెలల తర్వాత బ్యాటు పట్టుకొని కారు దీపాలు పగలగొడుతుందని ఎవరూ ఎదురుచూసి ఉండరు. నిజానికి రచయితలు ఈ పాటను గ్రెచెన్ విల్సన్ అనే కంట్రీ గాయనిని మనసులో పెట్టుకొని రాశారు. మొరటు పల్లెపిల్లగా పేరుపడ్డ ఆమె పాడి ఉంటే పాట ఆమెకు చక్కగా అతికేది, అతికి ఊరుకునేది. అండర్‌వుడ్ నోట అది అతకదు, అతకకపోవడంలోనే పదును ఉంది. ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల గొంతు పెంచితే ఇల్లంతా తిరిగి చూసినట్టు ఉంటుంది.

ఇక సంగీతం. నిర్మాత మార్క్ బ్రైట్. కోపం పాట కదా అని వేగం పెంచకుండా నిమిషానికి దాదాపు 74 దెబ్బల నెమ్మది నడకలో, దిగులు ధ్వనించే మైనర్ స్వరాల్లో కట్టారు. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాట అది. చరణాల్లో గొంతు దిగువ స్థాయిలో, మాటకూ పాటకూ నడుమ నడుస్తుంది. పక్కనున్న స్నేహితురాలికి చెవిలో చెబుతున్నట్టుగా అక్షరాలను కొంచెం సాగదీస్తుంది. పల్లవిలో అదే గొంతు బిగిసి పైకి పోతుంది, గిటార్లు కమ్ముకుంటాయి, ఫిడేలు ఆ బిగువును వదలనివ్వదు. ఐడల్ పోటీల నుంచి వచ్చినవాళ్లకు ప్రతి వరుసలోనూ గొంతు బలం చూపించాలన్న ఆత్రం ఉంటుంది. ఆమె ఇతర పాటల్లో ఆ ఆత్రం నాకు విసుగు తెప్పించిన సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ చరణాల్లో దాచుకోవడం వల్ల పల్లవిలో ఖర్చు పెట్టుకోవడానికి దగ్గర డబ్బు మిగిలింది.

పాటలో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. బార్‌లో ఉన్న ఆ అమ్మాయి మీద కురిపించిన తిట్లలో కోపం కంటే కులాసా హేళన ఎక్కువ. జుట్టు రంగు, తాగలేకపోవడం, పాడలేకపోవడం, చివరికి బీదతెల్లవాళ్లను తక్కువచేసి అనే అమెరికన్ తిట్టు కూడా ఆమె మీదికే పోయాయి. మోసం చేసినవాడికి దొరికిన చీవాట్లు వీటితో పోలిస్తే తక్కువే. బండి ఒక్కటే అతడి బదులు దెబ్బలు తిన్నది. ఆ అమ్మాయికి ఇతడికి ఇంకొకరు ఉన్నారన్న సంగతే తెలియకపోవచ్చు. రెండో పల్లవి తర్వాత వచ్చే చిన్న ముక్కలో, తర్వాత వచ్చే పిల్లకు నా వల్ల కొంత కష్టం తప్పి ఉండవచ్చు అని ఆమె అంటుంది. ఎవరో తెలియని రేపటి పిల్ల మీద ఉన్న ఆ కనికరంలో పిసరంతైనా లోపలున్న పిల్ల మీద ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. అసూయకు అంత న్యాయబుద్ధి ఉండదు, పాత్ర నోట అలాగే రావాలి అని వాదించేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను.

పాట పేరు కూడా ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది. వచ్చేసారి మోసం చేసేముందు ఆలోచిస్తాడేమో అన్న పల్లవి చివరి వరుసలోంచి ఆలోచన అన్న మాటను కోసేసి, ‘మోసం చేసేముందు’ అన్న ముక్కను మాత్రమే పేరుగా పెట్టారు. అలా విడిగా చదివితే ఆ పేరు, మోసం ఇంకా జరగని ఒక ఘడియను చూపిస్తుంది. ఆమె చెప్పినవన్నీ ఊహలే అనుకుంటే, బండి నాశనమయ్యే సమయానికి అతడు బార్‌లో ఒంటరిగా కూర్చుని బీరు తాగుతూ ఉండే అవకాశం కూడా లేకపోలేదు. నేను అలా నమ్మను. కాని పాట ఆ సందు వదిలింది, అందుకే ఇన్నిసార్లు వినబుద్ధి అవుతుంది.

ఆల్బమ్ వచ్చిన తొమ్మిది నెలలకు, 2006 ఆగస్టులో, దీన్ని విడి పాటగా రేడియోకు ఇచ్చారు. కంట్రీ పట్టికలో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అన్ని రకాల పాటలూ పోటీపడే హాట్ 100 పట్టికలో ఎనిమిదో స్థానం దాటి పైకి పోకపోయినా, 64 వారాల పాటు అక్కడే కూర్చుంది. 2007లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ దీన్ని ఆ ఏటి ఉత్తమ సింగిల్‌గా ఎంచింది, 2008లో గాయనికి ఒకటి, రచయితలకు ఒకటి గ్రామీ పురస్కారాలు వచ్చాయి.

డల్లస్ శివారులో ఒక ఆఫీసు విందులో ఈ పాటను కరియోకీలో విన్నాను. పాడినది లెక్కల విభాగంలో పనిచేసే ఒకావిడ, మీటింగుల్లో ఆమె మాట వినాలంటే ముందుకు వంగాల్సి వచ్చేది. మొదటి చరణం అలాగే, తెర మీద రంగు మారుతున్న అక్షరాలను వేలితో చూపించుకుంటున్నంత జాగ్రత్తగా పాడింది. పల్లవి రాగానే తెర వైపు నుంచి మా వైపు తిరిగింది. అక్షరాలు ఆమెకు అవసరం లేకపోయింది. గదిలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే కలిశారు, టైర్ల దగ్గరకు వచ్చేసరికి మగవాళ్లలో కొందరు నవ్వుతూ కారు తాళాలు జేబులో తడిమి చూసుకున్నారు. రెండో చరణంలో కరియోకీ పాడే అమ్మాయిని వెక్కిరించే వరుస వచ్చినప్పుడు ఆవిడ చేతిలోని మైకును ఒకసారి చూసుకొని, నవ్వు ఆపుకోలేక రెండు మాటలు వదిలేసింది. ఎవరిని ఎగతాళి చేసిందో వాళ్ల చేతిలోనే ఈ పాట ఇన్నేళ్లు బతకడం విచిత్రం.

ఆల్బమ్ మొత్తం కొనమని నేను చెప్పను. నెమ్మది ప్రేమగీతాలు కొన్ని ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి, చెకోటా పాటనూ మంచు రోడ్డు పాటనూ దీనితో కలిపి విడిగా వింటే చాలు. అన్ని పెద్ద సంగీత యాప్‌లలోనూ దొరుకుతుంది. ఈ పాట ఒక్కదానికి అయిదుకు నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి ఆ జుట్టు రంగు తిట్లకు. రోమన్ వైట్ తీసిన వీడియోలో ఆమె నడుస్తుంటే వీధి అద్దాలు పగిలిపోతుంటాయి, చూడటానికి బాగానే ఉంటుంది. కాని మొదటిసారి వినేవాళ్లు వీడియో జోలికి పోకుండా, రాత్రిపూట ఆగి ఉన్న కారులో కూర్చుని వినాలి. అప్పుడు బార్ తలుపు వెనక ఏముందో మీకూ ఆమెకు తెలిసినంతే తెలుస్తుంది. పాట అయిపోయేసరికి అతడు ఇంకా లోపలే ఉంటాడు.